వెదురు ఈల

చెన్నై నగరానికి దక్షిణాన, పాత మహాబలిపురం రోడ్డు మీద షోళింగనల్లూరు ఉన్నది. ఒకప్పుడు ఇది పొలాల నడుమ ఉన్న ఊరు. 2011లో చెన్నై నగరపాలక సంస్థలో కలిసింది. ఇప్పుడు రోడ్డుకు ఇరువైపులా అద్దాల మేడలు, కంప్యూటరు కార్యాలయాలు కనిపిస్తాయి. ఊరికి తూర్పున బకింగ్‌హామ్ కాలువ ఉన్నది. దానిని దాటి కొంత దూరం పోతే సముద్రం వస్తుంది.

ఈ కాలువకూ తెలుగు నేలకూ పాత సంబంధం ఉన్నది. ఆంధ్రలోని పెదగంజాం దగ్గరనుంచి నెల్లూరు సీమ మీదుగా చెన్నైకి వచ్చి, దక్షిణాన మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు సాగే కాలువ ఇది. 1806లో చెన్నైకి ఉత్తరాన చిన్నగా మొదలైంది. 1876–78 నాటి పెద్ద కరువులో పనీ తిండీ లేని జనానికి కూలి ఇచ్చి, నగరం నడుమ ఉన్న భాగాన్ని తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు దానికి పెట్టారు. ఆంధ్ర తీరంనుంచి ఉప్పు, వంటచెరకు, బియ్యం పడవల మీద ఈ దారినే వచ్చేవి. నేడు పడవలు లేవు. నీరు కూడా ఆనాటి నీరు కాదు.

కాలువకు దగ్గరగా ఒక ఖాళీ స్థలం. అందులో రెండు గంగరావి చెట్లు, ఒక వేపచెట్టు ఉన్నాయి. ఒక శనివారం ఉదయం ఆరో తరగతి పిల్లలు పద్నాలుగు మంది తమ తెలుగు మాస్టారితో కలిసి అక్కడికి వచ్చారు. వాళ్ళకు పని నేర్పడానికి ఒక ముసలి వడ్రంగి కూడా వచ్చాడు. ఆయన పెద్దలు నెల్లూరు వైపునుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. మాస్టారు ఆయనను ఆచారిగారూ అని పిలిచారు. పిల్లలకు మాత్రం ఆయన తాతే.

తాత చెట్టు నీడన గోనెపట్టా పరిచాడు. దాని మీద ఒక చిన్న రంపం, రెండు చాకులు, గరుకు కాగితం, ఒక పెన్సిలు, పాత కొలబద్ద పెట్టాడు. పక్కనే సన్నని వెదురు ముక్కలు ఒక కట్ట. మాస్టారు లెక్కపెట్టి చూశారు. సరిగ్గా పద్నాలుగు.

"ముందు చాకు లేని ఈల చేద్దాం" అన్నాడు తాత.

ఆయన గంగరావి ఆకు ఒకటి కోశాడు. ఆకు కొసను తుంచి, ఒక పక్కనుంచి చుట్టచుట్టాడు. ఒక చివర సన్నగా, మరొక చివర కొంచెం వెడల్పుగా ఉండేలా చూశాడు. సన్నని చివరను రెండు వేళ్ళ నడుమ నొక్కి చదును చేసి, పెదవుల మధ్య పెట్టుకొని ఊదాడు. పీ అని మోగింది. పిల్లలందరూ ఆకుల కోసం కొమ్మల మీద పడ్డారు.

ప్రహరీగోడ అవతల నిలబడి ఇదంతా చూస్తున్న ఒక తమిళ కుర్రవాడు నవ్వి, తానూ ఒక ఆకు కోసి చుట్టాడు. అతని పీపీ అందరి పీపీలకంటే గట్టిగా మోగింది. "పూవరసు" అన్నాడు చెట్టును చూపించి. మాస్టారు అతన్ని లోపలికి రమ్మని, పలక మీద రెండు మాటలూ పక్కపక్కన రాశారు: గంగరావి, పూవరసు. తరగతిలో సగంమందికి రెండో మాట తెలుసు. మొదటి మాట ఆ రోజే తెలిసింది.

ఆకు పీపీలో మోగేది ఆకే. నొక్కిన చోట ఆకు అంచులు రెండూ ఒకదానికొకటి తగులుతూ, విడిపోతూ వేగంగా అదురుతాయి. నాగస్వరం కొసన ఉండే పీక పని కూడా ఇటువంటిదే. తమిళంలో దానిని సీవాళి అంటారు. రెల్లుజాతి గడ్డితో చేసిన ఆ చిన్న పీకను నోట పెట్టుకొనే, ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా (1924–1999) తమిళనాట శ్రీరంగంలో స్థిరపడి, దేశమంతటా పేరు తెచ్చుకొన్నారు.

"ఈ ఆకు సాయంత్రానికి వాడిపోతుంది. కర్ర ఈల అయితే మీ పిల్లలు కూడా ఊదుకోవచ్చు" అన్నాడు తాత. పిల్లలు నవ్వారు.

ఏ కర్రతో చేయాలి? ఒక పిల్లవాడు అడగకముందే పరుగెత్తిపోయి, రోడ్డు పక్కనుంచి ఒక కొమ్మ విరుచుకొని వచ్చాడు. వేలిలావు ఉన్నది. చక్కగా, నిటారుగా ఉన్నది. చాకుతో కోయడానికి మెత్తగానూ ఉన్నది. ఈలకు ఇంతకంటే మంచి కర్ర ఉంటుందా అన్నట్టు దానిని తాత ముందు పెట్టాడు.

తాత ముఖంలో నవ్వు పోయింది. "నోట్లో పెట్టావా, నాయనా?"

"లేదు తాతా."

"చేతులు కడుక్కుని రా. సబ్బుతో కడుక్కో. ఆ చేత్తో కళ్ళు నలుపుకోవద్దు."

అది గన్నేరు కొమ్మ. తమిళంలో అరళి అంటారు. పూలు అందంగా ఉంటాయి, దేవుడికి పెడతారు. ఎండకు తట్టుకొంటుంది, పశువులు ముట్టవు. అందుకే రోడ్ల వెంట, రోడ్ల నడిమి గట్ల మీద దానిని విరివిగా నాటుతారు. కాని దాని ఆకు, కొమ్మ, పువ్వు, వేరు అన్నీ విషమే. ఆ విషం గుండెకు పట్టి, గుండె కొట్టుకొనే తీరును చెడగొడుతుంది. పచ్చగన్నేరు కూడా అంతే. దాని గింజలు తిని ప్రాణం పోగొట్టుకొన్నవారు ఉన్నారు. ఈల అంటే నోట పెట్టుకొనే వస్తువు. పేరు తెలియని కొమ్మను నోటి దగ్గరికి తీసుకొనిపోకూడదు. ఇందులో పెద్దవాళ్ళూ పొరబడతారు. కొలత తప్పితే కర్రే పోతుంది. చెట్టు తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. తాత ఆ రోజు మరే విషయంలోనూ అంత గట్టిగా మాట్లాడలేదు.

కొమ్మ తెచ్చిన పిల్లవాడు చిన్నబోయి వెనక కూర్చున్నాడు. తాత అతన్ని పిలిచి మొదటి వెదురు ముక్క అతని చేతికే ఇచ్చాడు.

వెదురు నిజానికి చెట్టు కాదు. అది గడ్డిజాతి మొక్క. కణుపుకూ కణుపుకూ నడుమ బోలుగా ఉంటుంది. గట్టి కర్రతో ఈల చేయాలంటే లోపల బెజ్జం తొలవాలి. అది పిల్లల పని కాదు. "ఇది దేవుడు బెజ్జం వేసి ఇచ్చిన కర్ర" అని తాత దాని పనిని ఒక్క మాటలో చెప్పాడు. ముక్కలన్నీ అరచేయి వెడల్పుకంటే కొంచెం పొడవు, అంటే తొమ్మిదిన్నర సెంటీమీటర్లు ఉన్నాయి. లోపలి బోలు చిటికెన వేలు పట్టేటంత. ఒక చివర కణుపుతో మూసి ఉన్నది. రెండో చివర తెరిచి ఉన్నది.

చాకు పట్టేముందు తాత మూడు మాటలు చెప్పాడు. చాకు పట్టినవాడు కూర్చునే పని చేయాలి. చుట్టూ చేయి చాచినంత దూరంలో మరొకరు ఉండకూడదు. చాకు ఎప్పుడూ తన ఒంటినుంచి అవతలికే నడవాలి. చాకులు రెండే కనుక పిల్లలు వంతులవారీగా పని చేశారు. వంతు రానివాళ్ళు గరుకు కాగితంతో వెదురు చివరలు రుద్దారు.

తెరిచి ఉన్న చివరనుంచి రెండున్నర సెంటీమీటర్ల దూరంలో పెన్సిలుతో గీత గీశారు. ఆ గీత మీద రంపంతో నిలువుగా కోత పెట్టారు. వెదురు గోడ తెగి లోపలి బోలు కనిపించగానే ఆపాలి. పెద్ద పిల్లలు తామే కోశారు. చిన్నవాళ్ళకు మాస్టారు కోసిపెట్టారు. తరవాత ఆ కోతకు అవతల, కణుపు వైపు ఒక సెంటీమీటరు దూరంనుంచి ఏటవాలుగా చెక్కుతూ వచ్చి కోత అడుగున కలిపారు. చిన్న కిటికీ ఏర్పడింది. కోత వైపు నిలువుగా, కణుపు వైపు ఏటవాలుగా ఉంటుంది ఆ కిటికీ. ఈ ఏటవాలు దిగి సన్నబడిన చోట ఒక పలుచని అంచు మిగులుతుంది. ఈలకు ప్రాణం ఆ అంచే. అది పదునుగా, తిన్నగా ఉండాలి. తొందరపడి ఒక్కసారిగా చెక్కితే పెచ్చు లేచిపోతుంది. ఎక్కువసేపు పట్టింది ఈ పనికే. వెదురుపొట్టు రాలుతున్నది. ఎవరూ మాట్లాడటం లేదు. ఆరో తరగతి పిల్లలు అంతసేపు నిశ్శబ్దంగా ఉండటం మాస్టారు అంతకుముందు చూడలేదు.

ఇక బిరడా చేయాలి. నోటి వైపు బోలును మూసే ముక్క ఇది. దీనికి తాత వేపపుల్లలు కోసుకొమ్మన్నాడు. వేప ఎందుకు? పళ్ళు తోముకోవడానికి తరతరాలుగా నోట పెట్టుకొన్న పుల్ల అది. పైగా మెత్తగా తెగుతుంది. బోలులో బిగుతుగా పట్టేలా పుల్లను చెక్కి, రెండున్నర సెంటీమీటర్లకు కోయాలి. తరవాత దాని పైభాగాన్ని ఒక పక్క మాత్రం కొద్దిగా చదును చేయాలి. పోస్టుకార్డులు నాలుగైదు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం తీస్తే చాలు. ఆ చదును భాగం కిటికీ వైపు వచ్చేలా బిరడాను లోపలికి నెట్టాలి. బిరడా లోపలి కొస కిటికీ కోతతో సమంగా నిలవాలి. అప్పుడు బిరడాకూ వెదురుకూ నడుమ ఒక సన్నని సందు మిగులుతుంది. ఊపిరి ఆ సందులోంచే పోవాలి.

గన్నేరు కొమ్మ తెచ్చిన పిల్లవాడి ఈల అందరికంటే ముందు సిద్ధమైంది. అతడు ఊదాడు. మొదట ఉస్సుమన్నది. బిరడాను ఆవగింజంత వెనక్కు లాగి మళ్ళీ ఊదాడు. కీ అని మోగింది! వెంటనే ముఖం చిట్లించి ఉమ్మేశాడు.

"చేదు, తాతా!"

"చేదైతే ఏం? పళ్ళకు మంచిది" అన్నాడు తాత.

ఇంతకూ ఈలలో మోగేది ఏది? కర్ర అని కొందరు అన్నారు. బిరడా అని ఒకరు. మాస్టారు తన పెన్ను మూత తీసి, దాని నోటికి అడ్డంగా ఊదారు. అదీ ఈల వేసింది. అందులో ఏదీ కదలలేదు. ఈలలో మోగేది గాలి. సందులోంచి పలుచని పట్టీలా వచ్చిన ఊపిరి కిటికీ దాటి ఎదుటి అంచుకు తగులుతుంది. అది ఒకసారి అంచుకు పైగా, ఒకసారి కిందుగా, మారి మారి పోతుంది. దానితో లోపల ఉన్న గాలి కూడా ఊయలలాగా ముందుకూ వెనకకూ ఊగుతుంది. ఆ ఊపే మన చెవికి ఈలగా వినిపిస్తుంది. ఆకు పీపీలో ఆకు అదురుతుంది. వెదురు ఈలలో గాలే అదురుతుంది.

ఆ ఊపులు సెకనుకు ఎన్ని? మాస్టారు పలక మీద లెక్క వేసి చూపించారు. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఒక చివర మూసిన గొట్టంలో, గొట్టం పొడవుకు నాలుగింతల దూరం పోయేసరికి ఒక ఊపు పూర్తవుతుంది. బిరడానుంచి కణుపు దాకా 7 సెంటీమీటర్లు. నాలుగింతలు 28 సెంటీమీటర్లు. 340 మీటర్లను దీనితో భాగిస్తే సుమారు 1200 వస్తుంది. కిటికీ దగ్గర గాలి కొంచెం బయటికి కూడా ఊగుతుంది కనుక నిజంగా వచ్చేది ఇంతకంటే కొంత తక్కువ. గొట్టం సగానికి తగ్గితే ఊపులు రెట్టింపవుతాయి. అందుకే పొట్టి ఈల కీచుగా, పొడుగు ఈల బొంగురుగా పలుకుతుంది.

పదకొండు గంటలకు పదమూడు ఈలలు మోగుతున్నాయి. ఎవరి చెవి దగ్గరా ఊదవద్దని మాస్టారు రెండుసార్లు కేకవేయవలసి వచ్చింది. పద్నాలుగో ఈల మాత్రం మోగలేదు.

అది తరగతిలో అందరికంటే చిన్నదైన ఒక అమ్మాయిది. ఎంత ఊదినా ఉస్సు అనడమే తప్ప కూత రావడం లేదు. బిరడాను ముందుకు నెట్టింది, వెనక్కు లాగింది. గట్టిగా ఊదింది, మెల్లగా ఊదింది. కట్టలో మరో వెదురు ముక్క లేదు. తన ముక్క పాడుచేసుకొన్నానని ఆమెకు తోచింది. దానిని కొంగులో దాచుకొన్నట్టు పరికిణీ మడతలో దాచుకొని, చెట్టు వెనక కూర్చున్నది.

తాత చూశాడు. వచ్చి పక్కన కూర్చుని చేయి చాచాడు. ఆమె ఈల ఇచ్చింది. ఆయన దానిని ఊదలేదు. ఆకాశం వైపు ఎత్తి పట్టుకొని, నోటి వైపునుంచి సందులోకి ఒక కన్నుతో చూశాడు. ఆమెనూ చూడమన్నాడు.

"ఏం కనిపిస్తున్నది, అమ్మా?"

"వెలుగు."

"ఎంత వెలుగు?"

"చాలా."

"అంచు కనిపిస్తున్నదా?"

ఆమె మళ్ళీ చూసింది. వెలుగు పట్టీ లావుగా ఉన్నది. అంచు ఎక్కడో ఒక పక్కకు ఉన్నది. సన్నని పట్టీలో అంచు నడిమికి రావాలి. తోటివాడి ఈల తెప్పించి అందులోంచి చూస్తే ఆమెకు తేడా తెలిసింది. ఆమె బిరడాను మరీ ఎక్కువ చదును చేసింది. సందు పెద్దదై, ఊపిరి చెదిరిపోతున్నది. అంచుకు సరిగా తగలడం లేదు.

"వెదురు చెడలేదు. చెడింది బిరడా" అన్నాడు తాత. "బిరడా ఏమిటి? వేపపుల్ల. తలెత్తి చూడు, చెట్టు నిండా ఉన్నాయి."

ఆమె మరో పుల్ల కోసుకొని మొదటినుంచి మొదలుపెట్టింది. ఈసారి ఒక్కొక్క పొర తీసి, బిరడా పెట్టి, ఆకాశం వైపు ఎత్తి చూసుకొన్నది. మళ్ళీ తీసి గరుకు కాగితంతో రుద్దింది.

ఈలోగా ఒక పిల్లవాడు తన ఈలకు ఎర్రరంగు వేస్తానన్నాడు. ఇంట్లో కిటికీలకు వేయగా మిగిలిన రంగుడబ్బా ఉన్నదట. మాస్టారు వద్దన్నారు. పాత రంగుల్లో సీసం ఉంటుంది. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని కేంద్రప్రభుత్వం 2016లో నియమం చేసింది. అటక మీది డబ్బా ఎప్పటిదో ఎవరికి తెలుసు? సీసం కొద్దికొద్దిగా కడుపులోకి పోయినా పిల్లల ఎదుగుదలను, తెలివిని దెబ్బతీస్తుంది.

నోట పెట్టుకొన్నా భయం లేని రంగులు వేసే ఊరు ఒకటి తెలుగునాట ఉన్నది. అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక. అక్కడి పనివారు అంకుడు కర్రను చక్రం మీద తిప్పుతూ లక్కపిడతలు, బొంగరాలు, గిలక్కాయలు తీస్తారు. కర్ర తిరుగుతుండగానే రంగు కలిపిన లక్కకడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకొంటుంది. ఆ రంగులు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటినుంచి తీసినవి. నడుమ రసాయన రంగుల వాడకం పెరిగినప్పుడు, ఆ ఊరివారే అయిన సి.వి. రాజు చెట్ల రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చారు. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంకుడు చెట్టు తమిళనాట కూడా పెరుగుతుంది. ఇక్కడివారు దానిని వెట్పాలై అంటారు. చిత్రమేమంటే అంకుడుది గన్నేరు కుటుంబమే. గిల్లితే దానికీ పాలు కారతాయి. ఒకటి పిల్లల చేతికి ఇచ్చే బొమ్మ, మరొకటి విషం. చూపును బట్టీ చుట్టరికాన్ని బట్టీ చెట్టు గుణం చెప్పలేమన్నమాట.

పలక మీద మాటలు పెరిగాయి. వెదురు, మూంగిల్. గన్నేరు, అరళి. అంకుడు, వెట్పాలై. ఈ జతల్లో పోలిక లేదు. వేప, వేంబు అన్న జతలో పోలిక ఉన్నది. ఇంతలో గోడ దూకి వచ్చిన తమిళ కుర్రవాడు, ఇంకా బిరడా రుద్దుకొంటున్న అమ్మాయిని చూసి "ఊదు, ఊదు!" అని అరిచాడు.

"మాస్టారూ, ఆ అబ్బాయికి తెలుగు వచ్చునా?" అని ఒకరు అడిగారు.

"అతడు తమిళమే మాట్లాడాడు" అన్నారు మాస్టారు. పలక మీద ఈసారి రెండు మాటలు రాయనవసరం లేకపోయింది. ఊదు అని ఒక్కటే రాశారు.

ఆ అమ్మాయి బిరడా బిగించి, ఆకాశం వైపు ఎత్తి చూసింది. నోట పెట్టుకొని ఊదింది. కూత వచ్చింది. మిగతా వాటికంటే సన్నని కూత. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె రెండోసారి ఊదలేదు. బిరడాను మళ్ళీ ఊడదీసి, పాత బిరడా పక్కన పెట్టి, రెండింటినీ వేలితో తడిమి చూస్తూ కూర్చున్నది.

అభ్యాసం

1. ఆకు పీపీలో మోగేది ఏది? వెదురు ఈలలో మోగేది ఏది?

2. గన్నేరు కొమ్మను చూసి తాత ఎందుకు కంగారుపడ్డాడు?

3. చిన్న అమ్మాయి ఈల మొదట ఎందుకు మోగలేదు? లోపం ఎక్కడ ఉన్నదో తాత ఊదకుండానే ఎలా కనుక్కొన్నాడు?

4. బిరడానుంచి కణుపు దాకా 10 సెంటీమీటర్లు ఉన్న ఈలలో గాలి సెకనుకు సుమారు ఎన్నిసార్లు ఊగుతుందో లెక్క వేయండి.

5. బిరడా, కణుపు, అంచు, సందు, ఏటవాలు: ఈ మాటలతో సొంత వాక్యాలు రాయండి.

6. మీ వీధిలోని ఐదు చెట్ల పేర్లు తెలుగులోనూ, మీ ఇరుగుపొరుగువారి భాషలోనూ రాయండి. తెలుగు పేరు తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి.